గెలుపు లెక్కలు



ఖమ్మం బస్టాండులో వైరా మీదుగా భద్రాచలం వెళ్లే బస్సెక్కండి. బస్సు కదిలిన చోటు జనరల్ సీటు. కొణిజర్ల వచ్చేసరికి మీరు వైరా నియోజకవర్గంలో ఉంటారు, అది ఎస్టీలకు కేటాయించిన సీటు. వైరా దాటి తల్లాడ చేరితే సత్తుపల్లి నియోజకవర్గం, ఎస్సీలకు కేటాయించినది. తల్లాడ సెంటర్లో బస్సు ఎడమవైపు తిరిగి అడవి దారి పడుతుంది. ఏన్కూరు, జూలూరుపాడు మళ్లీ వైరా కిందికే వస్తాయి, జూలూరుపాడుకు జిల్లా మారిపోయినా సరే. కొత్తగూడెం మళ్లీ జనరల్. పాల్వంచ దాటి బూర్గంపాడు మండలంలోకి వెళితే పినపాక, గోదావరి వంతెన దాటితే భద్రాచలం, రెండూ ఎస్టీ సీట్లే. బూర్గంపాడు దగ్గర ఇంకొకటి కూడా మారుతుంది. అక్కడిదాకా ఖమ్మం ఎంపీ, అక్కణ్నుంచి మహబూబాబాద్ ఎంపీ. ఇవేవీ కండక్టరు చెప్పడు, రోడ్డు పక్కన బోర్డులూ ఉండవు.

పోలింగు వేళలు కూడా ఈ దారిలోనే మారతాయి. 2023 నవంబరు 30న అసెంబ్లీ ఎన్నికలు జరిగినప్పుడు తల్లాడ బూతుల్లో సాయంత్రం ఐదు గంటలదాకా ఓటు వేయనిచ్చారు. కొత్తగూడెం, ఇల్లందు, పినపాక, అశ్వారావుపేట, భద్రాచలంలో మాత్రం నాలుగింటికే ముగించారు. రాష్ట్రంలో మావోయిస్టు ప్రభావం ఉందని గుర్తించిన 13 నియోజకవర్గాల్లో అవి ఐదు. చీకటి పడేలోగా పోలింగు సిబ్బంది యంత్రాలతో సహా అడవి దాటి రావాలి, అందుకని ఆ గంట కోత.

ఇంతకంటే విచిత్రం గోదావరికి రెండు వైపులా జరిగింది. కూనవరం, చింతూరు, వి.ఆర్. పురం, కుక్కునూరు, వేలేరుపాడు మండలాలవాళ్లు 2014 ఏప్రిల్ 30న భద్రాచలం, అశ్వారావుపేట ఎమ్మెల్యేలకు ఓటేశారు. కొద్దివారాలకే పోలవరం ముంపు మండలాలుగా వాళ్ల ఊళ్లు ఆంధ్రప్రదేశ్‌లో కలిసిపోయాయి. ఓటేసి గెలిపించుకున్న ఎమ్మెల్యే తెలంగాణ శాసనసభలో కూర్చున్నాడు, ఓటేసినవాళ్లు ఆంధ్రలో ఉన్నారు. 2019లో వాళ్లు రంపచోడవరం, పోలవరం నియోజకవర్గాల్లో ఓటు వేసేదాకా పరిస్థితి అదే.

ఈ నియోజకవర్గాల హద్దుల సంగతి ఇక్కడికి చాలు. ఈ పూట నేను మాట్లాడదలచుకున్నది హద్దుల లోపల జరిగే లెక్క గురించి. తల్లాడలో ఉన్న ఒక మనిషి ఎన్ని రకాల ఎన్నికల్లో పాలుపంచుకుంటాడో, ఒక్కో ఎన్నికలో గెలుపును ఎలా లెక్కగడతారో చూద్దాం. మనం అభ్యర్థుల గురించి నెలల తరబడి మాట్లాడుకుంటాం, లెక్కింపు పద్ధతి గురించి పది నిమిషాలు కూడా మాట్లాడుకోం. అవే ఓట్లు, అదే జనం, లెక్కపెట్టే తీరు మారితే గెలిచేవాడు మారిపోవచ్చు.

మొదట పంచాయతీ. సర్పంచికి గులాబీ కాగితం, వార్డు సభ్యుడికి తెల్ల కాగితం. యంత్రాలు లేవు, స్వస్తిక్ ముద్రే. పొద్దున ఏడింటికి మొదలై మధ్యాహ్నం ఒంటిగంటకు పోలింగు ముగుస్తుంది. భోజనాలయ్యాక రెండింటికి ఊళ్లోనే లెక్కింపు. చీకటి పడేవేళకు సర్పంచి ఎవరో తేలిపోతుంది, ఆ వెంటనే ఉపసర్పంచి ఎన్నిక. ఇంత వేగంగా ఫలితం తేలే ఎన్నిక మనకు మరొకటి లేదు.

పంచాయతీ ఎన్నికల్లో పార్టీ గుర్తులు ఉండవు. అభ్యర్థుల పేర్లను తెలుగు అక్షరమాల వరుసలో పేర్చి, జాబితాలో ఉన్న వరుసనే గుర్తులు ఇస్తూ పోతారు. మొదటి పేరుకు ఉంగరం, రెండో పేరుకు కత్తెర, ఆ తరువాత బ్యాటు, ఫుట్‌బాల్, ఇలా. ‘అ’తో మొదలయ్యే పేరు పెట్టిన తల్లిదండ్రులు తెలియకుండానే కొడుక్కి ఉంగరం తొడిగినట్టే. పార్టీలు లేవని చట్టం అంటుంది. ఉంగరం ఎవరిదో కత్తెర ఎవరిదో తెలియని మనిషి మాత్రం ఊళ్లో ఒక్కడూ ఉండడు.

ఓటర్లు సర్పంచికి విడిగా, వార్డు సభ్యులకు విడిగా ఓటేస్తారు కాబట్టి సర్పంచి ఒక వర్గం నుంచి, వార్డుల్లో ఎక్కువమంది ఇంకో వర్గం నుంచి గెలవడం మామూలే. అప్పుడు ఉపసర్పంచి పదవికి విలువ పెరుగుతుంది. 2018 పంచాయతీరాజ్ చట్టం తరువాత చెక్కు మీద సర్పంచితోపాటు ఉపసర్పంచి సంతకం కూడా కావాల్సి వచ్చింది. సర్పంచిని ఊరంతా ఎన్నుకుంటుంది. ఉపసర్పంచిని పంచాయతీ సభ్యులు కొద్దిమందే చేతులెత్తి ఎన్నుకుంటారు. ఊరంతటి ఓటుతో గెలిచినవాడి సంతకం, నాలుగు చేతులతో గెలిచినవాడి సంతకం ఒకే చెక్కు మీద పక్కపక్కన ఉండాలి. దీనివల్ల దుబారా తగ్గిన ఊళ్లు ఉన్నాయి, వీధిలైటు బిల్లు కూడా నెలల తరబడి ఆగిన ఊళ్లూ ఉన్నాయి.

అడవి వైపు వెళ్లేకొద్దీ ఇంకో నియమం వచ్చి చేరుతుంది. షెడ్యూల్డు ప్రాంతాల్లో 1996 నాటి పీసా చట్టం ప్రకారం సర్పంచి పదవి గిరిజనులకే చెందుతుంది, వార్డుల్లో కనీసం సగం వాళ్లకే. మైదాన ప్రాంతపు ఊళ్లలో సర్పంచి రిజర్వేషన్ మారుతూ ఉంటుంది, అక్కడ మారదు. ఆ ఊళ్లలో తరాలుగా ఉన్న గిరిజనేతరులు దీన్ని అన్యాయమంటారు. భూమి, అడవి, ఇసుక మీద నిర్ణయం ఎవరి చేతిలో ఉండాలన్న ప్రశ్న వచ్చినప్పుడు ఆ నియమం ఎందుకు పెట్టారో అర్థమవుతుంది. నా మటుకు నేను ఆ నియమం వైపే ఉంటాను.

ఎన్నికలు జరగకపోతే ఏమవుతుందో కూడా మనం చూశాం. 2019 జనవరిలో గెలిచిన పాలకవర్గాల గడువు 2024 ఫిబ్రవరి మొదట్లో ముగిసింది. తరువాతి ఎన్నికలు 2025 డిసెంబరు 11, 14, 17 తేదీల్లో జరిగాయి. మధ్యలో దాదాపు రెండేళ్లు ప్రత్యేకాధికారుల పాలన. బీసీలకు 42 శాతం రిజర్వేషన్ ఇస్తూ వచ్చిన జీవో మీద హైకోర్టు స్టే ఇవ్వడం, యాభై శాతం పరిమితికి లోబడి మళ్లీ జాబితాలు తయారు చేయడం, ఇదంతా ఆ ఆలస్యంలో భాగమే. పాలకవర్గం లేని పంచాయతీలకు కేంద్రం నుంచి రావలసిన ఆర్థిక సంఘం నిధులు ఆగిపోయాయి. ఆ రోజుల్లో డ్రైనేజీ తీసే ట్రాక్టరుకు డీజిలు ఎక్కడినుంచి తెచ్చారో పంచాయతీ కార్యదర్శులనే అడగండి.

ఇక మండల పరిషత్తు. తల్లాడ మండలాధ్యక్షుణ్ని తల్లాడ ఓటరు ఎన్నుకోడు. ఎంపీటీసీ సభ్యుణ్ని ఎన్నుకుంటాడు, ఆ సభ్యులు చేతులెత్తి అధ్యక్షుణ్ని ఎన్నుకుంటారు. జిల్లా పరిషత్తులోనూ అంతే, జడ్పీటీసీ మన ఓటుతో, చైర్మన్ జడ్పీటీసీల ఓటుతో. ఎన్.టి. రామారావు ప్రభుత్వం మండలాలు ఏర్పాటు చేశాక 1987లో జరిగిన ఎన్నికల్లో మండలాధ్యక్షుణ్నీ జిల్లా పరిషత్తు అధ్యక్షుణ్నీ జనమే నేరుగా ఎన్నుకున్నారు. తరువాత 1995 నాటికి ఆ పద్ధతి పోయి పరోక్ష ఎన్నిక వచ్చింది. పరోక్ష ఎన్నిక వచ్చిన చోటికి దాని వెంటే క్యాంపు కూడా వస్తుంది. గెలిచిన సభ్యులను బస్సెక్కించి, ఫోన్లు తీసుకుని, ఏ గోవాకో తిరుపతికో తీసుకెళ్లి, ఓటు రోజున నేరుగా మీటింగు హాలుకు తెచ్చి దించడం మనకు కొత్త కాదు.

2019లో ఈ క్యాంపుల భయం ఏకంగా లెక్కింపు తేదీనే మార్చేసింది. ఆ ఏడాది మే 6, 10, 14 తేదీల్లో మూడు విడతలుగా ఎంపీటీసీ, జడ్పీటీసీ పోలింగు జరిగింది. మే 27న ఓట్లు లెక్కిస్తామన్నారు. పాత పాలకవర్గాల గడువు జులై మొదటివారందాకా ఉంది. అంటే గెలిచినవాళ్లను నెలకు పైగా క్యాంపుల్లో దాచిపెట్టుకోవాలి! పార్టీలు మొత్తుకున్నాయి. లెక్కింపు వాయిదా వేసి, అధ్యక్షుల ఎన్నిక ముందే జరిపేలా చట్టం సవరించి, జూన్ 4న ఓట్లు లెక్కించి, 7న మండలాధ్యక్షుల ఎన్నిక, 8న జిల్లా పరిషత్ చైర్మన్ల ఎన్నిక ముగించారు. మూడు రోజుల వ్యవధి ఇస్తే క్యాంపులు మూడు రోజులే ఉంటాయన్నది అప్పటి పరిష్కారం. అసలు 1987 పద్ధతికి వెనక్కి పోతే క్యాంపుల అవసరమే ఉండదు కదా అని నేననుకుంటాను. నేరుగా గెలిచిన అధ్యక్షుడికి సభలో మెజారిటీ లేకపోతే పనులు సాగవన్నది ఎదుటివాళ్ల వాదన. అదీ కొట్టిపారేసేది కాదు.

అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నికల పద్ధతి అందరికీ తెలిసిందే. అందరికంటే ఒక్క ఓటు ఎక్కువ వస్తే చాలు. సగం ఓట్లు రావాలన్న నియమం లేదు. ఆరోవంతు ఓట్లకు మించి రాకపోతే డిపాజిట్టు పోతుంది, అంతే. ఈ పద్ధతి చిన్న తేడాను పెద్దది చేసి చూపిస్తుంది. 2023లో కాంగ్రెసుకు 39.40 శాతం ఓట్లు, బీఆర్ఎస్‌కు 37.35 శాతం ఓట్లు వచ్చాయి. తేడా రెండు శాతం. సీట్లేమో 64, 39. వందలో అరవైమంది ఓటు వేయని పార్టీ ప్రభుత్వం ఏర్పాటు చేసింది. ఇందులో తప్పేమీ లేదు, అంతకుముందు గెలిచినవాళ్లలో చాలామంది కూడా అలాగే గెలిచారు. పద్ధతే అంత.

మన ప్రాంతపు పెద్దలకు పాత రోజులు ఇంకా గుర్తుంటాయి. జలగం వెంగళరావు అప్పటి వేంసూరు నియోజకవర్గం నుంచి గెలిచి 1973లో ముఖ్యమంత్రి అయ్యారు. ఇప్పుడు వేంసూరును కలుపుకొన్న సత్తుపల్లి 2009 ఎన్నికల నుంచే ఎస్సీ సీటు. పంచాయతీ రిజర్వేషన్లలా కాకుండా అసెంబ్లీ రిజర్వేషన్లు మళ్లీ పునర్విభజన జరిగేదాకా కదలవు. ఇంకా వెనక్కి పోతే 1952లో ఓటు మీద ముద్ర వేసే పనే లేదు. అభ్యర్థికొక పెట్టె, పెట్టె మీద గుర్తు. కాగితం ఏ పెట్టెలో వేస్తే ఆ అభ్యర్థికి ఓటు. ఆ ఎన్నికల్లో ఖమ్మం నుంచి పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ (పీడీఎఫ్) అభ్యర్థి టి.బి. విఠల్‌రావు లోక్‌సభకు వెళ్లారు.

ఇప్పుడు బొగ్గు గనుల దగ్గరికి వద్దాం. అక్కడి కార్మిక సంఘాల ఎన్నిక రాజకీయ ఎన్నిక కాదని కొందరంటారు. కొత్తగూడెంలో ఆ మాట అంటే నవ్వుతారు. 1998 నుంచి సింగరేణిలో రహస్య ఓటుతో కార్మిక సంఘాలకు ఎన్నికలు జరుగుతున్నాయి. 2023 డిసెంబరు 27న, అంటే అసెంబ్లీ ఎన్నికలు ముగిసిన నెలకే, 40 వేలకు దగ్గరగా ఉన్న కార్మికులు ఓటర్లుగా మరో ఎన్నిక జరిగింది. సింగరేణిలో 11 ఏరియాలు. మన సత్తుపల్లి ఓపెన్‌కాస్టు కొత్తగూడెం ఏరియా కిందికి వస్తుంది. ఆ ఎన్నికలో ఐఎన్‌టీయూసీ ఆరు ఏరియాల్లో గెలిచింది, ఏఐటీయూసీ ఐదింటిలో. మరి గెలిచిందెవరు? ఏఐటీయూసీ.

అక్కడ రెండు లెక్కలు ఉంటాయి. ఏ ఏరియాలో ఎవరికి ఎక్కువ ఓట్లు వస్తే వాళ్లు ఆ ఏరియాకు ప్రాతినిధ్య సంఘం. కంపెనీ మొత్తం మీద ఎవరికి ఎక్కువ ఓట్లు వస్తే వాళ్లు గుర్తింపు సంఘం. కంపెనీ స్థాయి ఒప్పందాల మీద యాజమాన్యంతో కూర్చునేది గుర్తింపు సంఘం. మొత్తం ఓట్లలో ఏఐటీయూసీ 1,999 ఓట్లు ముందుంది. అదే ఎన్నికను అసెంబ్లీ లెక్కన చూస్తే, ఏరియాలను సీట్లనుకుంటే, ఆరు సీట్లున్నవాళ్లే అధికారంలోకి వచ్చేవాళ్లు. మొత్తం ఓట్లు చూస్తారా, గెలిచిన చోట్లు చూస్తారా అన్నది ముందే రాసిపెట్టుకోవాలి. సింగరేణి రెండూ రాసిపెట్టుకుంది. ఎన్నికల పద్ధతులు పిల్లలకు చెప్పే మాస్టార్లు ఎక్కడెక్కడి దేశాల ఉదాహరణలు వెతకనక్కరలేదు.

మన ఎమ్మెల్యే వేసే ఓట్లూ ఉన్నాయి. రాజ్యసభకు, శాసనమండలిలో కొన్ని సీట్లకు, రాష్ట్రపతికి. రాజ్యసభకు మూడు ఖాళీలుంటే 119 మందిలో 30 మంది ఎమ్మెల్యేలు కలిస్తే ఒకరిని పంపగలరు. అందువల్ల ప్రతిపక్షానికీ చోటు దొరుకుతుంది. రాష్ట్రపతి ఎన్నికలో తెలంగాణ ఎమ్మెల్యే ఓటు విలువ 132, ఆంధ్రప్రదేశ్ ఎమ్మెల్యేది 159. ఉమ్మడి రాష్ట్రంలో అందరిదీ 148. ఈ అంకెలు 1971 జనాభా లెక్కల మీద కట్టినవి. కాబట్టి రాష్ట్రపతి ఎన్నికలో మన ఊళ్ల బరువు ఇప్పటికీ యాభై ఏళ్ల కిందటిదే.

ఆ ఎన్నికలో పేర్ల పక్కన ఇష్టం వరుసలో 1, 2, 3 అని ప్రాధాన్యత అంకెలు వేస్తారు. రాష్ట్రపతి ఎన్నికలన్నిటిలో ఒకే ఒక్కసారి రెండో ప్రాధాన్యత ఓట్లు లెక్కపెట్టాల్సి వచ్చింది, 1969లో. పోటీలో ప్రధానంగా ముగ్గురు. వి.వి. గిరి, నీలం సంజీవరెడ్డి, సి.డి. దేశ్‌ముఖ్. మొదటి ఇద్దరూ తెలుగువాళ్లు, మూడో ఆయన దుర్గాబాయి భర్త, అంటే తెలుగింటి అల్లుడు. మొదటి ప్రాధాన్యతలో గిరికి 4,01,515, సంజీవరెడ్డికి 3,13,548, దేశ్‌ముఖ్‌కు 1,12,769 విలువైన ఓట్లు వచ్చాయి. గెలవడానికి కావలసింది 4,18,169. గిరి ముందున్నారు గాని గీత దాటలేదు. అప్పుడు అడుగున ఉన్నవాళ్లను ఒక్కొక్కరినే తప్పించి, వాళ్ల కాగితాల మీద రెండో అంకె ఎవరికుందో చూశారు. ఆ ఓట్లలో అత్యధికం సంజీవరెడ్డికి వెళ్లాయి. ఆయన లెక్క 92 వేల దాకా పెరిగింది, గిరికి పెరిగింది 18 వేల చిల్లర. అయినా గిరి 4,20,077 దగ్గర గీత దాటేశారు. సంజీవరెడ్డి 4,05,427 దగ్గర ఆగిపోయారు. దేశ్‌ముఖ్ ఓటర్లలో ఇంకొంతమంది సంజీవరెడ్డి పేరు పక్కన ‘2’ వేసి ఉంటే చరిత్ర వేరుగా ఉండేది. ఎనిమిదేళ్ల తరువాత ఆయన పోటీ లేకుండానే రాష్ట్రపతి అయ్యారనుకోండి.

ఇదే పద్ధతి తల్లాడ పట్టభద్రుడి చేతికి కూడా వస్తుంది. ఖమ్మం, వరంగల్, నల్లగొండ ఉమ్మడి జిల్లాల పట్టభద్రులకు శాసనమండలిలో ఒక సీటుంది. ఉపాధ్యాయులకు ఇంకోటి. ఇక్కడ యంత్రం ఉండదు, స్వస్తిక్ ముద్ర ఉండదు. పోలింగు సిబ్బంది ఇచ్చిన ఊదారంగు స్కెచ్ పెన్నుతో నచ్చినవాళ్ల పేరెదుట 1 వేయాలి, ఆపై ఇష్టముంటే 2, 3, 4 వేసుకుంటూ పోవచ్చు. చెల్లిన ఓట్లలో సగానికి పైన ఒకటి వస్తేనే నేరుగా గెలుపు. పట్టభద్రుల సీటులో ఉన్న పల్లా రాజేశ్వర్‌రెడ్డి 2023లో జనగామ ఎమ్మెల్యేగా గెలిచి దాన్ని వదులుకోవడంతో 2024 మే 27న ఉపఎన్నిక జరిగింది. 52 మంది పోటీ. నల్లగొండలో జూన్ 5న మొదలైన లెక్కింపు 7వ తేదీ రాత్రికి గాని తేలలేదు. మొదటి ప్రాధాన్యతలో ఎవరూ గీత దాటలేదు. ఒక్కొక్కరినే తప్పిస్తూ, రెండో అంకెలు పంచుతూ పోగా చివరికి తీన్మార్ మల్లన్న గెలిచినట్టు ప్రకటించారు.

అన్ని పద్ధతుల్లోనూ నాకు నచ్చింది ఇదే. ఓటు వృథా అవుతుందన్న భయం లేకుండా నిజంగా నచ్చినవాడికి 1 వేసి, గెలిచే అవకాశమున్నవాళ్లలో నయమనిపించినవాడికి 2 వేయొచ్చు. కాని మనం దాన్ని వాడుకునే తీరు చూస్తే సిగ్గనిపిస్తుంది. ఆ ఉపఎన్నికలో 25 వేలకు పైగా ఓట్లు చెల్లలేదు. చదువురానివాళ్ల ఓట్లు కావవి, డిగ్రీ పట్టాలున్నవాళ్లవి! టిక్కు పెట్టినవి, ఇద్దరి ఎదుట 1 వేసినవి, 1 వేయకుండా 2 వేసినవి, సంతకం చేసినవి, అన్నీ చెల్లని ఓట్లే. అంకెను తెలుగులో వేసినా చెల్లుతుంది, రోమన్‌లో వేసినా చెల్లుతుంది, ‘ఒకటి’ అని అక్షరాల్లో రాస్తే చెల్లదు. అదే మండలానికి చెందిన ముసలమ్మ పంచాయతీ ఎన్నికల్లో గులాబీ కాగితం మీద కత్తెర వెతుక్కుని ముద్ర వేసి, సిరా పక్క గడిలో అంటకుండా మడిచి పెట్టెలో వేసి వస్తుంది.

ఈ పట్టభద్రుల సీటు గడువు 2027 మార్చిలో ముగుస్తుంది. దీని ఓటర్ల జాబితాను ప్రతిసారీ కొత్తగా తయారు చేస్తారు. కిందటిసారి పేరున్నంత మాత్రాన ఈసారి ఉండదు, అసెంబ్లీ జాబితాలో ఉన్నా పనికిరాదు. నమోదుకు నవంబరు 1ని ఆధార తేదీగా తీసుకుంటారు. ఆ తేదీకి డిగ్రీ పూర్తయి మూడేళ్లు నిండి ఉండాలి. నింపాల్సింది ఫారం 18, జతచేయాల్సింది డిగ్రీ పట్టా లేదా మార్కుల మెమో ధ్రువీకరించిన నకలు. హైస్కూలులో, ఆపై చదువులు చెప్పే ఉపాధ్యాయులకు గత ఆరేళ్లలో కనీసం మూడేళ్ల బోధన అనుభవముంటే ఫారం 19 వేరే ఉంది. తల్లాడ, ఏన్కూరు, కల్లూరు చుట్టుపక్కల డిగ్రీ చదివిన తమ్ముళ్లు, చెల్లెళ్లు నోటిఫికేషన్ రాగానే తహసీల్దారు కార్యాలయానికి వెళ్లి ఆ ఫారం నింపండి. పోలింగు రోజున బూతులో వాళ్లిచ్చిన పెన్నే పట్టుకుని, మీకు నచ్చిన ఒక్క పేరెదుట 1 వేయండి. టిక్కు పెట్టకండి.